గేటు మీద హెల్మెట్

దువ్వాడ స్టేషను దాటి పట్టాల వెంబడి కాస్త దూరం నడిస్తే ఒక చిన్న వీధి వస్తుంది. రెండు వరసల ఇళ్లు, మధ్యలో సిమెంటు రోడ్డు, చివర ఒక చేతి బోరింగు. ఉదయం తొమ్మిదింటికి మన వీధులు ఎంత గోలగా ఉండాలో అదీ అంత గోలగానే ఉండేది. కాని రెండు నెలలుగా, మూడు వారాలకొకసారి, ఆ వీధి పదో తరగతి పరీక్ష హాలులా మారిపోతోంది. టీవీలు గొంతు తగ్గించుకుంటాయి. స్కూటర్లను వీధి మొదట్లోనే ఇంజను ఆపి తోసుకొస్తారు. కుక్కర్లు మాత్రం కూస్తాయి, వాటికి చెప్పేవాళ్లెవరు.

కారణం, వీర్రాజు ఇంటి గేటుకి వేలాడే పసుపుపచ్చ హెల్మెట్.

వీర్రాజు ఆ దగ్గర్లో ఉన్న ఒక రోలింగు మిల్లులో క్రేను ఆపరేటరు. నేలకి నలభై అడుగుల ఎత్తున గాజు గదిలో కూర్చుని, ఇనప కడ్డీల కట్టల్ని ఈ మూల నుంచి ఆ మూలకి మోసి పెడతాడు. పదహారేళ్లుగా అదే పని. పైనుంచి చూస్తే మేనేజరు కూడా అగ్గిపెట్టెంతే ఉంటాడని అతనికి లోలోపల కొంచెం గర్వం. మిల్లుకి మూడు షిఫ్టులు. పొద్దున్న ఆరింటికి ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి, రాత్రి పదింటికి ఒకటి. వారం వారం మారతాయి. నైట్ షిఫ్టు వచ్చిన వారం పగలు నిద్రపోవాలి.

పగలు నిద్రపోవడం మనవాళ్లలో అంత తేలికైన పని కాదు. పట్టపగలు దుప్పటి కప్పుకున్నవాణ్ణి చూస్తే జ్వరమా అని అడుగుతారు, కాదంటే బద్ధకం అంటారు. ఈలోగా కొరియరువాడు బెల్లు కొడతాడు, చందాలవాళ్లు తలుపు తడతారు, పాత ఇనుము కొనేవాడు మైకు పెడతాడు. అలా రెండు నెలల క్రితం ఒక వారం అరకొర నిద్రలతో గడిపి, తెల్లవారుజామున నాలుగింటికి వీర్రాజు క్రేను మీద ఒక్క కునుకు తీశాడు. ఒక్కటే. ఆ కునుకులో రెండు టన్నుల కట్ట జానెడు కిందికి జారింది. కింద ఉన్న అప్పలసూరి విజిల్ ఊదాడు కాబట్టి సరిపోయింది.

మర్నాడు సేఫ్టీ ఆఫీసరు ఆశాజ్యోతి పిలిపించింది. ముప్పై ఏళ్లు నిండని అమ్మాయి, వాళ్లది తణుకు వైపు. మాట మెత్తగానే ఉంటుంది కాని అందులో సాగే గుణం ఉండదు.

"నిద్ర రావడం తప్పు కాదండీ వీర్రాజు గారూ. వస్తున్నప్పుడు దాచడం తప్పు. ఇంకోసారి దాచారంటే క్రేను మీంచి దించేసి స్టోర్సులో కూర్చోబెడతాను. బోల్టులు లెక్కపెట్టుకుందురుగాని."

పదహారేళ్లు ఆకాశంలో కూర్చున్నవాడికి బోల్టుల లెక్కంటే బతికుండగానే చావు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పుకుంటే, భార్య వరహాలమ్మ కన్నీళ్లు పెట్టలేదు, దిష్టి తీయలేదు. ఆవిడ అంగన్‌వాడీ టీచరు. ముప్పై మంది పిల్లల్ని మధ్యాహ్నం ఒకేసారి నిద్రపుచ్చే మనిషికి ఒక్క మొగుడొక లెక్కా? అతని పాత హెల్మెట్ తీసుకుని ఇంటింటికీ తిరిగింది.

"ఇది మా గేటుకి ఏలాడతంటే నోపల మా మావ తొంగున్నాడని. బెల్లు కొట్టొద్దు, హారన్ కొట్టొద్దు, కేకలెయ్యొద్దు. ఆయన అక్కడ కళ్లు మూస్తే కింద మనిషుంటాడు."

పక్కింటి రామలక్ష్మమ్మ మిక్సీ పని ఎనిమిదిలోపే ముగించుకుంటానంది. ఎదురింటివాళ్లు గేటుకి నూనె పోశారు. అందరికన్నా కష్టమైన మనిషి పోతమ్మ అనుకున్నారు. పోతమ్మ చేపలమ్ముతుంది. హార్బరు నుంచి బేసిన్ నెత్తిన పెట్టుకొచ్చి "సేపలో, కానాగంతలో" అని ఒక్క కేక వేస్తే దువ్వాడ ప్లాట్‌ఫారం మీద రైలు కోసం చూసేవాళ్లు కూడా వెనక్కి తిరుగుతారు. ఆ గొంతే ఆవిడ వ్యాపారం. దాన్ని మూసుకోమని చెప్పడమెలాగ?

చెప్పక్కర్లేకపోయింది. ఎందుకంటే ఆ కింద ఉండే మనిషి పోతమ్మ మొగుడు అప్పలసూరే.

అప్పలసూరి ఒకప్పుడు సముద్రం మీద బతికినవాడు. తాళ్లూ ముడులూ చేతికి వచ్చిన విద్య కాబట్టి మిల్లులో ఖలాసీగా చేరాడు. కట్టలకి వైరు తాళ్లు తగిలించి, కిందనుంచి వీర్రాజుకి చేత్తో సైగలు చేయడం అతని పని. వేలు పైకెత్తి తిప్పితే ఎత్తమని. అరచెయ్యి బోర్లించి మెల్లగా దించితే దించమని. పిడికిలి బిగించి చూపిస్తే ఉన్నచోట ఉన్నట్టు ఆపమని. ఇద్దరిదీ కులం వేరు, ఊరు వేరు. అయినా ఎనిమిదేళ్లుగా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఆ వరసనే పోతమ్మ వీర్రాజుని తమ్ముడంటుంది, వీర్రాజు ఆవిణ్ణి అప్ప అంటాడు.

హెల్మెట్ వేలాడిన మొదటి రోజే పోతమ్మ నోరు మూసుకుని వీధిలోకి వచ్చింది. ప్రతి గేటు దగ్గరా ఆగి, లోపలివాళ్ల కంట పడేలా నిలబడి, మొగుడి సైగలతోనే బేరం చేసింది. వేలు పైకెత్తిందంటే ఇవాళ రేటు పెరిగింది. అరచెయ్యి దించిందంటే సరే, ఓ పది తగ్గిస్తాను. పిడికిలి బిగించిందంటే ఇక బేరం ఆపు, కొంటే కొను. వారం తిరిగేసరికి వీధిలో ఆడవాళ్లందరికీ క్రేను భాష వచ్చేసింది. వంటింట్లో ఉన్నవాళ్లకి ఆవిడ వచ్చిన సంగతే తెలియక బేసిన్లో చేపలు మిగిలిపోయేవి. అయినా పోతమ్మ ఒక్కరోజూ నోరు తెరవలేదు.

ఇంతమంది ఇంత చేస్తుంటే వీర్రాజు ఏం చేయాలి? కడుపు నిండా తిని, కళ్లు మూసుకుని పడుకోవాలి. అంతే కదా. కాని అప్పుడే తగరపువలసలో స్లాబు వేశారు.

తగరపువలస వీర్రాజు సొంత ఊరు. రోడ్డు పక్కన తండ్రి ఇచ్చిన స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాడు. శనివారం స్లాబు పడింది, సోమవారం నైట్ షిఫ్టు మొదలైంది. కొత్త స్లాబుకి పూటపూటా నీళ్లు పెట్టాలి, ఎండనిస్తే బీటలు వారుతుంది. అక్కడే సెల్‌ఫోన్ల కొట్టు నడుపుకునే బావమరిది మణికంఠ తాను చూసుకుంటానన్నాడు. వీర్రాజుకి నమ్మకం కుదరలేదు. "ఆడు ఒక సేత్తో ఫోను, ఒక సేత్తో గొట్టం. ఫోనుకి నీళ్లెడతాడు, స్లాబుకి సిగ్నలెడతాడు" అన్నాడు.

తనే రోజూ వెళ్లొస్తానంటే వరహాలమ్మ ఒప్పుకోలేదు. నిద్రే ముఖ్యమంది. వీర్రాజు సరేనని తలూపి, తలూపుతూనే పథకం వేశాడు.

వరహాలమ్మ ఎనిమిదిన్నరకి గేటుకి హెల్మెట్ తగిలించి అంగన్‌వాడీకి వెళ్లిపోతుంది. ఎనిమిదీ నలభైకి వీర్రాజు చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి తలుపు గుండా బయటపడతాడు. బండి ముందే స్టేషను స్టాండులో పెట్టి ఉంటుంది, నీడుంటుందని సాకు. అక్కణ్ణుంచి హైవే ఎక్కితే గంటలో స్లాబు మీద. నీళ్లు పెట్టి, కాసేపు మురిసిపోయి, రెండింటికల్లా ఇంటికొచ్చి మంచమెక్కుతాడు. ఆరున్నరకి లేస్తాడు. నాలుగున్నర గంటల నిద్ర మగాడికి చాలదా? నిద్రదేముంది, అలవాటు చేసుకుంటే అదే తగ్గుతుందని అతని సిద్ధాంతం. రాత్రి పూట బండి తోలేవాళ్లందరూ ఏదో ఒకరోజు ఈ సిద్ధాంతమే చెప్పుకుంటారు.

మంగళవారం మొదటిసారి పెరటి తలుపు దాటి, పక్క సందులోంచి చూస్తే వీధి అంతా నిశ్శబ్దంగా ఉంది. ఎదురింటి పెద్దాయన దగ్గు వస్తుంటే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు, వీర్రాజు నిద్ర చెడుతుందేమోనని. అది చూసి వీర్రాజు మనసు చివుక్కుమంది. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత స్లాబు గుర్తొచ్చి నడిచాడు.

బుధవారం స్లాబు మీద, నిన్న తను కట్టిన మట్టి గట్ల మధ్య నీళ్లు అలాగే నిలిచి ఉన్నాయి. "సూసినావా, మన గట్టంటే అదీ" అని తనని తనే మెచ్చుకుని, మళ్లీ నీళ్లు పెట్టాడు. ఆ రాత్రి క్రేను మీద కళ్లలో ఇసక పోసినట్టుంది. రెండుసార్లు నాలుక కొరుక్కున్నాడు. హుక్కు ఆగాల్సిన చోట ఆగకుండా కాస్త ఊగింది. కింద అప్పలసూరి తలెత్తి చూశాడు గాని ఏమీ అనలేదు. వీర్రాజూ ఏమీ చెప్పలేదు. స్టోర్సులో బోల్టులు గుర్తొచ్చాయి.

గురువారం పదకొండింటికి ఎండ బాగా కాస్తోంది. వీర్రాజు స్లాబు అంచున నిలబడి, పైకి వచ్చిన పిల్లరు ఊచకి భుజం ఆనించి, చేత్తో గొట్టం పట్టుకున్నాడు. నీళ్ల చప్పుడు చెవికి హాయిగా ఉంది. ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో అతనికే తెలీదు. నిలబడే నిద్రపోయాడు. గొట్టం మెల్లగా పక్కకి తిరిగింది. నీళ్లు స్లాబు వదిలి రోడ్డు మీదికి, సరిగ్గా అప్పుడే బస్సు దిగి భీమిలి ఆటో కోసం నిలబడ్డ ఒక పట్టుచీర మీదికి పడ్డాయి.

కింద ఎవరో నవ్వారు, ఎవరో అరిచారు. వీర్రాజు ఉలిక్కిపడి కళ్లు తెరిచి కిందికి చూశాడు. పట్టుచీర తడిసి ఒంటికి అతుక్కుపోయి, తలలో కనకాంబరాలు జారిపోయి, ఆవిడ తలెత్తి చూస్తోంది.

పోతమ్మ. భీమిలిలో మేనకోడలి నిశ్చితార్థానికి వెళుతూ ఇక్కడ బస్సు దిగింది.

వీర్రాజు గొట్టాన్ని మళ్లీ స్లాబు మీదికి తిప్పాడు. ఇక ఇప్పుడొస్తుంది ఆ గొంతు, తగరపువలస సంతంతా వింటుంది, ఇటు భీమిలి దాకా అటు దువ్వాడ దాకా వినబడుతుంది అనుకున్నాడు. ఈ నిమిషంలో దువ్వాడలో తన గేటుకి హెల్మెట్ వేలాడుతోంది. రామలక్ష్మమ్మ గిన్నె కింద పెట్టడానికి కూడా భయపడుతూ ఉంటుంది.

పోతమ్మ నోరు తెరవలేదు. అతన్ని చూసింది, చేతిలో గొట్టాన్ని చూసింది, అతని ఎర్రటి కళ్లని చూసింది. తర్వాత కుడిచెయ్యి పైకెత్తి పిడికిలి బిగించింది.

వీర్రాజు చెయ్యి తనంతట తనే గొట్టం మూతికున్న కొళాయి మీదికి వెళ్లి కట్టేసింది. పదహారేళ్ల అలవాటు. పిడికిలి కనబడితే ఆగిపోవాలి. పోతమ్మ చీర కొంగు పిండుకుని ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం వీర్రాజుకి నాలుగున్నర గంటల నిద్ర కూడా లేదు. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. చెప్పేస్తుందా? ఎవరికి చెబుతుంది? వరహాలమ్మకా, ఆశాజ్యోతి మేడమ్‌కా, మొగుడికా? సాయంత్రం వరహాలమ్మ మామూలుగానే అన్నం పెట్టింది. రాత్రి పదింటికి అప్పలసూరి మామూలుగానే పలకరించాడు.

"ఏటి బావ, తిన్నావేటి?"

"తిన్నాను బావ" అని వీర్రాజు మొహం తిప్పుకుని నిచ్చెన ఎక్కేశాడు.

రెండున్నరకి అప్పలసూరి ఒక పెద్ద కట్టకి తాళ్లు తగిలించి, వెనక్కి జరిగి, వేలు పైకెత్తాడు. వీర్రాజు హ్యాండిల్ లాగాడు. కట్ట లేచింది. రెండడుగులు లేచాక కింద ఇద్దరు అప్పలసూరిలు కనిపించారు. కళ్లు గట్టిగా మూసి తెరిచాడు, ఒక్కడే ఉన్నాడు. ఆ మూసి తెరవడానికి మధ్య తను హ్యాండిల్ లాగాడో లేదో గుర్తు లేదు. ఎంతసేపు మూశాడో గుర్తు లేదు. కింద చెయ్యెత్తి నిలబడ్డ మనిషి భార్య పొద్దున్న అదే ఎత్తులో చెయ్యెత్తి చూపించింది. ఆపమనే కదా చెప్పింది. గొట్టం ఒక్కటే ఆపాడు తను.

వీర్రాజు కట్టని ఎక్కణ్ణుంచి లేపాడో అక్కడే దించాడు. మెయిన్ స్విచ్ కట్టేశాడు. పట్టుకుని పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ నిచ్చెన దిగాడు. షిఫ్టు మధ్యలో క్రేను ఆపరేటరు కిందికి దిగడం ఆ మిల్లులో ఎవరూ చూడలేదు. కిందున్నవాళ్లంతా పని వదిలేసి మూగారు.

"ఏటైంది బావ, క్రేను పాడైందేటి?" అన్నాడు అప్పలసూరి.

"క్రేను బానే ఉంది బావ. నానే పాడయ్యాను. నిద్దరొత్తంది, నా వల్ల కాదు."

ఎవరూ నవ్వలేదు. ఆ రాత్రి ఆశాజ్యోతి రౌండ్స్‌లోనే ఉంది. పది నిమిషాల్లో టార్చి పట్టుకుని వచ్చింది. వీర్రాజు తల దించుకుని మొత్తం చెప్పేశాడు, పెరటి తలుపు నుంచి పట్టుచీర దాకా. పట్టుచీర దగ్గర ఆశాజ్యోతి టార్చి ఆర్పి మళ్లీ వెలిగించింది, నవ్వు కనబడకుండా.

"స్టోర్సుకి ఎప్పట్నుంచి రమ్మంటారు మేడమ్?" అన్నాడు వీర్రాజు చివరికి.

"స్టోర్సు దాచినవాళ్లకండీ. మీరు మొన్న దాచారు, నిన్న దాచారు, ఇవాళ దిగారు. దిగిందీ రాసుకుంటాను, మిగతావీ రాసుకుంటాను. ఈ వారం మిగిలిన రాత్రులు మీకు క్రేను లేదు, కింద పని. ముందు నాతో రండి."

తీసుకెళ్లింది విశ్రాంతి గదికి. నిద్ర ముంచుకొచ్చినవాళ్లు ఓ అరగంట పడుకోడానికని ఆవిడే మేనేజరుతో పోట్లాడి వేయించిన మంచం అది. పరుపు మీద కొన్ననాటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది.

"తొమ్మిది నెలలైందండీ ఇది వేసి. పడుకుంటే పరువు పోతుందని ఒక్కరూ రాలేదు. ఆ కవరు మీరే చింపండి" అంది.

వీర్రాజు కవరు చింపాడు. ఆ చప్పుడుకి బయటివాళ్లు తొంగి చూశారు. తెల్లారేలోగా మరో ఇద్దరు ఆ గదిలోకి వచ్చి, ఏదో వెతుక్కుంటున్నట్టు నటించి, పరుపు నొక్కి చూసి వెళ్లారట.

షిఫ్టు దిగేటప్పుడు అప్పలసూరి టీ తెచ్చిచ్చాడు.

"రెండ్రోజుల నుంచీ నీ హుక్కు ఊగతంది బావ. సూసినాను గాని ఏటీ అన్లేదు. ఎలగనాల, బావవి."

"అప్ప నీకేటీ సెప్పనేదా?"

"ఏటి సెప్పాల? నిన్న మజ్జాన్నం భీమిలి నుంచి ఫోన్ సేసింది. రాత్రి డూటీకి ఎల్తన్నావా అనడిగింది. ఎల్తన్నానన్నాను. కూలి పోతే ఎలగ మరి. 'కాసింత ఎడంగా నిలబడు' అనేసి పెట్టేసింది."

వీర్రాజు టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇంత సిగ్గు అతనికి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వేయలేదు. తన పరువు కోసం ఆవిడ నోరు కట్టుకుని, మొగుణ్ణి ఒక అడుగు పక్కకి జరగమని మాత్రం బతిమాలుకుంది. కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోలేదు.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే వరహాలమ్మకి చెప్పేశాడు. ఆవిడ చీపురు పట్టుకుని నిలబడి అంతా వింది. చీపురు పట్టుకున్న తీరు చూసి వీర్రాజు రెండడుగులు వెనక్కేశాడు. ఆవిడ చీపురు గోడకి ఆనించి, తమ్ముడికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"మణికంఠా, ఇయ్యాల్టి నుంచి ఆ స్లాబుకి నువ్వే నీళ్లెట్టాల్రా."

"ఇయ్యాల్టి నుంచేటక్కా? ఏసిన మర్నాటి నుంచీ నానే పెడతన్నాను. తెల్లారగట్ల ఓసారి, సాయంత్రం ఓసారి. మజ్జిలో బావొచ్చి మళ్లీ పెడతన్నాడు. ఆయనకదో సరదా గావాలని ఊరుకున్నాను. ఇంకో రెండ్రోజులు పోతే ఆ స్లాబు మీద రొయ్యలేసుకోవచ్చు."

వీర్రాజు మంచం మీద కూలబడ్డాడు. బుధవారం నాడు తను మెచ్చుకున్న గట్టు గుర్తొచ్చింది. వరహాలమ్మ అప్పటిదాకా బిగపట్టిన కోపం కాస్తా నవ్వులోకి జారిపోయి, గోడ పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక మాత్రం పెరటి తలుపుకి ఇంత లావు తాళం వేసింది.

"తాళంచెవి పోతమ్మొదినకి ఇత్తాను. నీకు గాదు, నాకూ గాదు. తొంగో."

ఎనిమిదిన్నరకి గేటుకి హెల్మెట్ వేలాడింది. వీధి గొంతు తగ్గింది. వీర్రాజు కిటికీ పక్కన మంచం మీద కళ్లు తెరుచుకుని పడుకున్నాడు. ఒళ్లంతా నిద్రే, అయినా నిద్ర రావడం లేదు. పదింటికి కిటికీ అవతల బేసిన్ కింద పెట్టిన చిన్న చప్పుడైంది. పోతమ్మ కొంగుకి తాళంచెవి కట్టుకుని నిలబడి ఉంది.

వీర్రాజు గబుక్కున మోచేతి మీద లేచాడు.

"అప్పా, తప్పయిపోనాది. నీ పట్టుసీర..."

పోతమ్మ పిడికిలి బిగించింది. వీర్రాజు మాట ఆపేశాడు.

ఆవిడ పిడికిలి విప్పింది. అరచెయ్యి బోర్లించి, అప్పలసూరి ఆఖరి కట్టని నేల మీద ఆనించేటప్పుడు చేసినట్టే, తొందరేమీ లేకుండా కిందికి దించింది. వీర్రాజు తల దిండు మీదికి దించాడు.

గురక మొదలయ్యేదాకా పోతమ్మ కిటికీ దగ్గరే నిలబడి ఉందని సాయంత్రం రామలక్ష్మమ్మ చెప్పింది. ఆ తర్వాత ఆవిడ బేసిన్ ఎత్తుకుని, చడీచప్పుడు లేకుండా వీధి దాటి, రెండు మలుపులవతలకి వెళ్లాక అప్పుడు వేసిందట కేక.